మాష్ దక్షత: ఇంటి బీరు తయారీలో దాని విలువ

మాల్ట్‌లో ఉన్న సారంలో ఎంత శాతం కాగులోకి దిగిందో చెప్పే అంకెను మాష్ దక్షత అంటారు. నలగ్గొట్టిన బార్లీ మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి, గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, ఆ తీపినీటిని వడగట్టి తీసుకోవడం బీరు తయారీలో మొదటి మెట్టు. ఇలా నానబెట్టడాన్ని మాషింగ్ అనీ, దిగిన తీపినీటిని వోర్ట్ అనీ అంటారు. వోర్ట్‌ను హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే కొన్ని రోజుల్లో పులిసి బీరవుతుంది. గింజల్లో చిక్కుకుపోయిన చక్కెర మాత్రం పిప్పితోపాటు బయటికి పోతుంది. దిగినదెంత, పోయినదెంత అన్నదే ఈ లెక్క.

ఇళ్లలో బీరు చేసుకునేవాళ్లు మాట్లాడుకునే అంకెల్లో దీనికున్న ప్రతిష్ఠ మరి దేనికీ లేదు. 65 శాతం వచ్చినవారు ఏదో తప్పు చేశామని బాధపడతారు. 85 వచ్చినవారు దాన్ని తమ పనితనానికి గుర్తుగా చెప్పుకుంటారు. ఆ ప్రతిష్ఠ దానికి ఎక్కువే. దక్షత పెరిగినంత మాత్రాన బీరు రుచి పెరగదు. అయితే ఆ అంకె ఒకసారి 62, ఒకసారి 78 వస్తుంటే మాత్రం ఏ వంటకమూ అనుకున్నట్టు రాదు.

లెక్క

నీటి సాపేక్ష సాంద్రత 1.000. చక్కెర కరిగేకొద్దీ అది పెరుగుతుంది. 1.050 ఉన్న వోర్ట్‌కు 50 పాయింట్లు ఉన్నాయంటారు. పాయింట్లను లీటర్లతో గుణిస్తే ఆ పాత్రలో ఉన్న మొత్తం సారం తెలుస్తుంది. కిలో పంచదార కరిగిస్తే సుమారు 384 పాయింట్లు వస్తాయి. మామూలు పేల్ మాల్ట్ కిలోకు గరిష్ఠంగా 300 దాకా ఇస్తుంది.

ఈ 300 ప్రయోగశాలలో తేల్చిన అంకె. ఐరోపా పద్ధతిలో 50 గ్రాముల మాల్ట్‌ను మెత్తగా విసిరి, 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచి, నిమిషానికో డిగ్రీ చొప్పున 70కి తీసుకెళ్లి, అక్కడ గంటసేపు ఉంచి, వచ్చిన సారాన్ని కొలుస్తారు. దీన్ని కాంగ్రెస్ మాష్ అంటారు. మంచి మాల్ట్ పొడి బరువులో సుమారు 80 శాతం ఇలా సారంగా దిగుతుంది. మాల్ట్ బస్తా వెంట వచ్చే పత్రంలో ఉండేది ఈ శాతమే. ఇంటి దక్షతను పోల్చేది కూడా దీంతోనే. కాబట్టి దక్షత 75 శాతం అంటే గింజ బరువులో 75 శాతం అని కాదు, ప్రయోగశాలలో రాగలిగిన దాంట్లో 75 శాతం అని.

ఉదాహరణకు 5 కిలోల పేల్ మాల్ట్ తీసుకుంటే గరిష్ఠంగా 1500 పాయింట్లు రావాలి. మరిగించే ముందు కాగులో 27 లీటర్ల వోర్ట్ ఉండి, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.044 చూపిస్తే 27ను 44తో గుణించి 1188 అంటాం. అంటే మాష్ దక్షత 79 శాతం. గంటసేపు మరిగి 23 లీటర్లకు ఇగిరాక సాంద్రత 1.052 దగ్గరికి చేరుతుంది. ఇగిరిపోయింది నీరే, చక్కెర ఎక్కడికీ పోదు. కానీ కాగు అడుగున హాప్స్ మడ్డితో 2 లీటర్లు వదిలేస్తే పులియబెట్టే పాత్రకు చేరేది 21 లీటర్లే. అక్కడ లెక్క వేస్తే 72 శాతం. దీన్ని బ్రూహౌస్ దక్షత అంటారు. ఒకే బీరుకు ఒకరు 79 అనీ మరొకరు 72 అనీ చెప్పవచ్చు, ఇద్దరిదీ నిజమే. వాదనల్లో సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్ల పుట్టినవే.

మాష్ దక్షతలో మళ్లీ రెండు భాగాలున్నాయి. పిండిపదార్థం ఎంత చక్కెరగా మారింది అన్నది మార్పిడి దక్షత. మారిన చక్కెరలో ఎంత గింజలను వదిలి కాగులోకి దిగింది అన్నది వడకట్టు దక్షత. ఈ రెండింటి లబ్ధమే మాష్ దక్షత. తక్కువ వచ్చిందని తెలిసినప్పుడు రెండింటిలో ఏది తగ్గిందో విడదీసి చూడకపోతే మందు ఒకచోట, నొప్పి ఒకచోట అవుతుంది.

పన్నులూ హైడ్రోమీటరూ

హైడ్రోమీటర్ రాకముందు బ్రూయర్లు రుచి, రంగు, అనుభవం మీద ఆధారపడేవారు. ఇంగ్లండులో ఒకే మాల్ట్ మీద రెండు మూడుసార్లు కొత్త నీళ్లు పోసి, మొదటి ఊటతో ఘాటైన ఏల్, చివరి ఊటతో పలచని స్మాల్ బీర్ చేసేవారు. గింజలో ఏమీ వదలకపోవడం వారికి తెలిసిన విద్యే, కొలిచే సాధనమే లేదు. 1784లో హల్ నగరానికి చెందిన జాన్ రిచర్డ్‌సన్ బ్రూయింగ్ కోసం శాకరోమీటర్‌ను, అంటే చక్కెర కొలిచే హైడ్రోమీటర్‌ను, వివరిస్తూ పుస్తకం ప్రచురించాడు. లండన్ పోర్టర్ బీరు తయారీదారులకు అప్పుడు ఒక విషయం అంకెల్లో కనిపించింది. కట్టెల మంట మీద వేయించిన బ్రౌన్ మాల్ట్ చవకే అయినా అది ఇచ్చే సారం పేల్ మాల్ట్ కంటే బాగా తక్కువ. దాంతో వాళ్లు పేల్ మాల్ట్‌కు మారారు. పోయిన రంగును తిరిగి తెచ్చేందుకు డేనియల్ వీలర్ 1817లో గింజను నల్లగా వేయించే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఈనాటి స్టౌట్ నలుపు వెనుక దక్షత లెక్క ఉంది.

1833లో పారిస్‌లో ఆంసెల్మ్ పాయెన్, జాన్ ఫ్రాన్సువా పెర్సో మాల్ట్ నుంచి డయాస్టేజ్‌ను వేరుచేశారు. అలా విడిగా రాబట్టిన మొదటి ఎంజైమ్ అదే. పిండిపదార్థం ఎందుకు తీపవుతుందో అప్పటి నుంచి రసాయనశాస్త్రం చెప్పగలిగింది. 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం బ్రిటన్‌లో మాల్ట్ మీద పన్ను తీసేసి, వోర్ట్ పరిమాణం, సాంద్రతల మీద పన్ను పెట్టింది. ఇంట్లో బీరు చేసుకునేవారికి లైసెన్సు అవసరమైంది కూడా అప్పుడే. ఆ నిబంధన 1963 దాకా నడిచింది.

డబ్లిన్‌లోని గిన్నెస్ బ్రూవరీ కథ ఈ అంశానికి అన్నిటికంటే దగ్గరిది. 1899లో అక్కడ చేరిన విలియం సీలీ గాసెట్ ముందుకు వచ్చిన ప్రశ్నల్లో ఒకటి ఇది: మాల్ట్ సారాన్ని ప్రయోగశాలలో ఎన్నిసార్లు కొలిస్తే ఆ సగటును నమ్మవచ్చు? ఒక్క పరీక్ష చాలదు, వంద పరీక్షలకు తీరిక లేదు. 1904లో ఆయన దీని మీద సంస్థకు ఒక నివేదిక రాశాడు. కొద్దిపాటి నమూనాల నుంచి ఎంత ధైర్యంగా మాట్లాడవచ్చన్న ఆలోచన అక్కడి నుంచి సాగి 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో బయోమెట్రికా పత్రికలో వ్యాసమైంది. ఈనాడు గణాంకశాస్త్ర విద్యార్థి ఎవరైనా నేర్చుకునే టీ-పరీక్షకు మూలం అదే. ఒకసారి వచ్చిన 80 శాతాన్ని పట్టుకుని ‘నా దక్షత 80’ అనేవారికి గాసెట్ పని నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

అమెరికాలో మద్యనిషేధం 1933లో ముగిసినా ఇంటి బీరుకు అనుమతి రాలేదు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చాక ఒక వయోజనుడు ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరున్న ఇల్లు 200 గ్యాలన్లు సొంతానికి పన్ను లేకుండా చేసుకోవచ్చు. అక్కడ స్థిరపడిన తెలుగువారికీ ఇదే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పరిస్థితి వేరు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం, బీరు కూడా అందులోకే వస్తుంది. ఇక్కడ ఈ లెక్క పనికొచ్చేది లైసెన్సున్న బ్రూవరీలకూ, హైదరాబాదులో ఉన్నటువంటి మైక్రోబ్రూవరీలకూ.

గింజ లోపల

రాగి మాల్ట్ తాగేవారందరికీ ఈ రసాయనం పరోక్షంగా తెలుసు. మామూలు రాగి పిండితో కాచిన జావ చిక్కబడి గరిటెకు అంటుకుంటుంది. మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన పిండితో కాస్తే పలచగా, కొంచెం తియ్యగా వస్తుంది. మొలకెత్తేటప్పుడు గింజ తయారుచేసుకున్న అమైలేజ్ ఎంజైములు పిండిపదార్థాన్ని ముక్కలు చేయడమే కారణం. బార్లీ మాల్ట్‌లో ఈ శక్తి చాలా ఎక్కువ. బీటా అమైలేజ్ 60 నుంచి 65 డిగ్రీల మధ్య చురుగ్గా పనిచేసి ఈస్ట్ తినగల మాల్టోజ్‌ను ఇస్తుంది. ఆల్ఫా అమైలేజ్ 70 డిగ్రీల చుట్టూ బలంగా ఉంటుంది, పొడవైన గొలుసులను మధ్యలో తెంచుతుంది. ఇంటి తయారీదారులు 65 నుంచి 68 మధ్య గంటసేపు ఉంచేది ఈ రెండింటికీ పని దొరకాలని.

బార్లీ పిండిపదార్థం 60 నుంచి 65 డిగ్రీల్లోనే ఉడికి మెత్తబడుతుంది కాబట్టి ఎంజైములకు అందుతుంది. బియ్యం, జొన్నల సంగతి అలా కాదు. వాటి పిండిపదార్థం ఇంకా ఎక్కువ వేడికి గాని విచ్చుకోదు, ఆ వేడికి బార్లీ ఎంజైములు పాడవుతాయి. అందుకే బియ్యం వాడే లాగర్ బీర్లలో దాన్ని ముందే విడిగా ఉడికించడమో, ఉడికించి నొక్కిన అటుకులుగా వేయడమో చేస్తారు. ఉడకని బియ్యం వేసి దక్షత పడిపోయిందని ఆశ్చర్యపోవడం కొత్తవారిలో తరచూ కనిపిస్తుంది.

నీటి స్వభావం కూడా చూడాలి. మాష్ పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉంటే ఎంజైములకు అనుకూలం. బైకార్బొనేట్లు ఎక్కువున్న బోరు నీళ్లలాంటివి ఆ అంకెను పైకి లాగుతాయి. పేల్ మాల్ట్ ఒక్కటే వాడినప్పుడు ఈ ఇబ్బంది ఎక్కువ. నల్లగా వేయించిన మాల్ట్ ఆమ్లత్వం తెస్తుంది కాబట్టి కొంత సర్దుకుంటుంది.

వీటన్నిటికంటే ముందు చూడవలసింది మర. ఇంట్లో దక్షత తగ్గినప్పుడు పది సందర్భాల్లో ఎక్కువ భాగం తప్పు నలగ్గొట్టడంలోనే ఉంటుంది. నలిగిన మాల్ట్ గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పలచగా పరచాలి. పొట్టు దాదాపు చెక్కుచెదరకుండా విచ్చుకుని ఉండాలి. లోపలి తెల్లని పప్పు నాలుగైదు రవ్వ ముక్కలుగా విడిపోయి ఉండాలి, కొద్దిగా పిండి ఉన్నా ఫరవాలేదు. ఒక్కో గుప్పెట్లో నాలుగైదు గింజలు సాంతం పగలకుండా కనిపిస్తే రోలర్ల మధ్య సందు తగ్గించాలి. చాలామంది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పెట్టుకుంటారు. పగలని గింజలోకి గంటసేపట్లో నీళ్లు సరిగా దిగవు. ఎంజైముల శక్తి ఎంత ఉన్నా అక్కడ ప్రయోజనం లేదు. మరోవైపు మరీ మెత్తగా విసిరితే పొట్టు నలిగి, గింజల పొర బంకగా మారి, వడకట్టు ఆగిపోతుంది. గుడ్డ సంచిలో మాష్ చేసేవారికి ఈ భయం తక్కువ, వాళ్లు ఇంకొంచెం మెత్తగా విసురుకోవచ్చు.

మార్పిడి పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి అయోడిన్ చుక్క పాత పద్ధతి. తెల్ల పళ్లెంలో చెంచాడు వోర్ట్ వేసి చుక్క వదిలితే, నలుపు నీలం వస్తే పిండిపదార్థం ఇంకా ఉన్నట్టు. చుక్క తన గోధుమ రంగులోనే ఉండిపోతే అయిపోయినట్టు. పొట్టు ముక్క పడితే ఎప్పుడూ నల్లబడుతుంది, అందుకే తేట వోర్ట్‌తోనే చూడాలి. ఇంతకంటే మంచి పరీక్ష మరొకటుంది. కిలోకు 3 లీటర్ల నీళ్లు పోసినప్పుడు మార్పిడి పూర్తిగా జరిగితే, గింజలను కడగకముందు దిగే మొదటి వోర్ట్ 20 డిగ్రీల ప్లేటో దగ్గర, అంటే సుమారు 1.084 ఉండాలి. అది 1.066 మాత్రమే ఉంటే తప్పు మాష్‌లో ఉంది, వడకట్టులో వెతకనక్కర్లేదు.

వడకట్టులో పోయేది

నానిన గింజ కిలోకు సుమారు ఒక లీటరు వోర్ట్‌ను పట్టి ఉంచుతుంది. ఆ లీటరులో ఉన్న చక్కెర నష్టమే. నీళ్లన్నీ ఒకేసారి పోసి, కడగకుండా వడగట్టే పద్ధతిలో లెక్క తేలిక. 5 కిలోల మాల్ట్‌కు 32 లీటర్లు పోస్తే 27 కాగులోకి దిగుతాయి, 5 పిప్పిలో ఉంటాయి. 32లో 5 అంటే సుమారు 16 శాతం నష్టం. అదే నీటిని రెండు భాగాలు చేసి, మొదటి ఊట తీశాక రెండో భాగంతో గింజలను కడిగి మళ్లీ వడగడితే నష్టం 7 శాతానికి దిగుతుంది. పైనుంచి సన్నగా నీళ్లు చల్లుతూ కింద నుంచి నెమ్మదిగా తీసే పద్ధతి ఇంకొంచెం రాబట్టగలదు, కానీ గంట పడుతుంది. నీళ్లు ఒకవైపు దారి చేసుకుని జారిపోతే ఆ లాభమూ పోతుంది. ఆస్ట్రేలియాలో పుట్టి వ్యాపించిన సంచి పద్ధతిలో గింజలను పైకెత్తి పిండుతారు కాబట్టి పట్టి ఉంచే వోర్ట్ సగానికి తగ్గుతుంది. ఒక్క కాగుతో, కడగకుండానే మంచి అంకె రావడానికి కారణం ఇదే.

ఘాటైన బీర్లకు దక్షత ఎందుకు పడిపోతుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. బార్లీ వైన్ అనే ఘాటైన బీరు కోసం 10 కిలోలు వేసి అంతే 27 లీటర్లు కావాలంటే 37 లీటర్లు పోయాలి. 10 లీటర్లు పిప్పిలో ఉండిపోతాయి. కడగకపోతే 27 శాతం, ఒకసారి కడిగినా 18 శాతం నష్టం. పనితనంలో లోపం ఏమీ లేదు, ఆ బీరు స్వభావమే అంత. దీన్ని ముందే ఊహించి మాల్ట్ ఎక్కువ వేసుకోవాలి, లేదా పాత ఇంగ్లండు బ్రూయర్ల లాగా రెండో ఊటతో ఇంకో పలచని బీరు చేసుకోవాలి.

చివరి చుక్క దాకా కడగడం మంచిది కాదు. ఊట సాంద్రత 1.010 కంటే దిగాక గింజల ఆమ్లత్వం పలచబడి పీహెచ్ పెరుగుతుంది. అది 6 దగ్గరికి చేరి, నీళ్లు 77 డిగ్రీలు దాటి వేడిగా ఉంటే పొట్టులోని టానిన్లు దిగుతాయి. చల్లారబెట్టిన డికాక్షన్ టీలో ఉండే వగరు బీరులోకి వస్తుంది. రెండు శాతం కోసం ఆ వగరు తెచ్చుకోవడం ఏ విధంగా చూసినా నష్టపు బేరమే.

కొలత తప్పితే

చాలా ‘దక్షత సమస్యలు’ కొలత సమస్యలే. హైడ్రోమీటర్ 20 డిగ్రీల దగ్గర సరిచేసిన సాధనం. 60 డిగ్రీల వోర్ట్‌లో ముంచితే సుమారు 15 పాయింట్లు తక్కువ చూపిస్తుంది. మరిగే వోర్ట్ చల్లని దానికంటే 4 శాతం ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది. పై ఉదాహరణలో 27 లీటర్లను మరిగే వేడిలో కొలిచి ఉంటే నిజమైన పరిమాణం 26, దక్షత 79 కాదు 76. కడిగిన పలచని ఊట చిక్కని మొదటి ఊట మీద తేలుతుంది, గరిటెతో బాగా కలపకుండా పైనుంచి తీసిన నమూనా అబద్ధం చెబుతుంది. మాల్ట్‌ను తూచే తక్కెడ, కాగు మీద గీసిన లీటరు గీతలు సరైనవో కాదో ఒకసారి చూసుకోవాలి. ఇవి చక్కదిద్దాకే మిగతా కారణాల జోలికి వెళ్లాలి.

ఇంతకూ ఎంత ముఖ్యం

పెద్ద బ్రూవరీకి ఇది ప్రాణం. ఏడాదికి వేల టన్నుల మాల్ట్ వాడే చోట ఒక్క శాతం అంటే లారీల కొద్దీ సరుకు. అందుకే అక్కడ మెత్తగా విసిరిన మాల్ట్‌ను పలచని పొరలుగా ఒత్తి పిండే మాష్ ఫిల్టర్ల వంటి యంత్రాలుంటాయి, ప్రయోగశాల అంకెలో 95 శాతానికి పైగా రాబడతారు. మిగిలిన పిప్పి కూడా వృథా కాదు. హైదరాబాదు చుట్టుపక్కల పాడి పశువులకు బ్రూవరీ పిప్పి మేతగా వెళ్తుంది.

ఇంట్లో 21 లీటర్ల బీరు 1.050 దగ్గర కావాలంటే 70 శాతంతో 5 కిలోలు, 80 శాతంతో 4 కిలోల 375 గ్రాములు కావాలి. తేడా 625 గ్రాములు. కిలో 100 రూపాయలనుకుంటే 63 రూపాయల లోపు. దానికోసం గంట ఎక్కువ కష్టపడటం, కొత్త పరికరాలు కొనడం సరదాకైతే సరే, పొదుపు కింద చెప్పుకోవడం కుదరదు.

అసలు నష్టం అంకె నిలకడగా లేనప్పుడు వస్తుంది. 1.050 సాంద్రతకు 35 యూనిట్ల చేదు పెట్టి రాసిన పేల్ ఏల్‌లో చేదు, తీపిల నిష్పత్తి 0.7. దక్షత పడిపోయి 1.042 వస్తే అదే హాప్స్‌తో నిష్పత్తి 0.83 అవుతుంది. ఆల్కహాల్ 4.9 శాతం ఉండాల్సింది 4.1కి దిగుతుంది. పలచగా, చేదు ముందుకొచ్చిన వేరే బీరు అది. అంకె ఎక్కువ వచ్చినా చిక్కే, మృదువుగా ఉండాల్సిన బిట్టర్ బరువెక్కి తియ్యగా తేలుతుంది. ఎప్పుడూ 68 శాతం వచ్చే వ్యక్తి చేతిలో వంటకం నమ్మకంగా కుదురుతుంది. 65కూ 82కూ మధ్య ఊగే వ్యక్తి ఏ మార్పు రుచిని మెరుగుపరిచిందో ఎన్నటికీ తెలుసుకోలేడు.

60 శాతం కంటే తక్కువ పదేపదే వస్తే దాన్ని లక్షణంగా తీసుకుని మర, వేడి, పీహెచ్, వడకట్టు వరుసగా చూడాలి. 70 నుంచి 75 మధ్య, రెండు శాతం అటూ ఇటూగా నిలిచిందంటే ఇక దాన్ని వదిలేసి పులియబెట్టే వేడి, ఈస్ట్ ఆరోగ్యం మీద దృష్టి పెట్టడం మేలు. రుచిలో లోపాలు ఎక్కువగా పుట్టేది అక్కడే. పుస్తకంలోని వంటకం 75 శాతానికి రాసి ఉండి మీది 68 అయితే 5 కిలోల మాల్ట్‌ను 75తో గుణించి 68తో భాగించండి, 5 కిలోల 515 గ్రాములు వస్తుంది. పెంచేది పేల్ మాల్ట్‌నే. రంగుకూ వాసనకూ వేసే వేయించిన మాల్ట్ ఉన్నంతే ఉంచండి, హాప్స్‌ను ముట్టుకోనక్కర్లేదు.